ఆయన తలకిందులు చేయని డ్రాయింగు

పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటి నాలుగూ మార్కెట్టు కమిటీ అధ్యక్షుడికి, తరువాతి అయిదూ వాళ్ళ పై ఆఫీసుకి, చివరి రెండూ అప్పట్లో కమిటీ పనులు చూసిన ఇంజనీరు గారికి. అన్నీ రిజిస్టరు పోస్టులోనే పంపాను. అందినట్టు సంతకాలు పెట్టి వెనక్కి పంపిన కార్డులు నా సొరుగులో ఉన్నాయి. చదివే మనుషులు లేకపోయినా పుచ్చుకునే మనుషులు ఉన్నారన్నమాట.

పన్నెండోది పత్రిక వాళ్ళకి. నేను ఎవరి దగ్గర పని నేర్చుకున్నానో ఆ సారు కిందటి నెల పోయారు. జిల్లా పేజీలో రెండు లైన్లు వేశారు, ‘రిటైర్డు డ్రాయింగు మాస్టారు కన్నుమూత’ అని. ఆయన జన్మలో ఎప్పుడూ మాస్టారు కాదు. ఆ తప్పు సరిదిద్దమని రాశాను. దానికీ జవాబు లేదు.

కనుక ఇక ఉత్తరాలు రాయను. ఆయన ఎలాంటి మనిషో నలుగురికీ తెలిసేలా రాస్తాను. చివర్న అడగవలసింది అడుగుతాను. ఆయన పేరు మాత్రం రాయను. ఆ పేరు ఒక రిపోర్టులో తప్పుడు వాక్యం పక్కన ఉంది. ఆ వాక్యం కొట్టేసేదాకా ఇంకెక్కడా ఆ పేరు నా చేత్తో రాయకూడదని నా పంతం.

రాజమండ్రిలో ఒక ఇనుప కొట్టు మీద మేడగది మా ఆఫీసు. రైసు మిల్లులకి, కొబ్బరి గోడౌన్లకి, కల్యాణ మండపాలకి కప్పు రేకుల్ని మోసే ట్రస్సులు అక్కడ గీసేవాళ్ళం. ట్రస్సు అంటే సన్నటి ఇనుప కడ్డీలని త్రికోణాలుగా కలిపిన చట్రం. పెద్ద దూలం చేసే పనిని అందులో నాలుగో వంతు ఇనుముతో చేస్తుంది, గీసినవాడికి తెలివి ఉంటే. ఆయనకి ఉంది. నేనాయన దగ్గర డ్రాఫ్ట్స్‌మన్ని. ఆయన పెన్సిలుతో గీసింది నేను ట్రేసింగు కాగితం మీద ఇంకుతో గీసేవాణ్ణి.

తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో చిన్న టేపు, చెవి మీద పెన్సిలు. ఎవరినైనా అండి అనే పిలిచేవారు. ఇనుప కడ్డీని కూడా. డ్రాయింగు మీద వేలు పెట్టి, ‘ఈయన లాగుతున్నాడండి, ఈయన నెడుతున్నాడండి, ఈయన ప్రస్తుతం ఖాళీగా ఉన్నాడండి’ అనేవారు. విన్నవాళ్ళు గదిలో ఇంకెవరో ఉన్నారేమోనని చుట్టూ చూసేవారు.

కింద కొట్టు శెట్టిగారే మా గదికి యజమాని. మధ్యాహ్నం బేరాలు తగ్గాక మెట్లెక్కి వచ్చి కూచునేవారు.

“మీరు పైన ఒక్కో గీత చెరిపినప్పుడల్లా కింద నా కొట్లో ఒక్కో కడ్డీ మిగిలిపోతోందండి” అనేవారు శెట్టిగారు.

“మరి నన్ను ఖాళీ చేయించండి.”

“ఖాళీ చేయిస్తే మీరు పక్క బజారులో కూచుని చెరుపుతారు. ఇక్కడైతే ఎంత చెరిపారో నాకు తెలుస్తుంది కదండీ.”

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆయన చెరపడం మాత్రం మానేవారు కాదు. “ఇనుము ఎక్కువ వేశామంటే భయపడ్డామని అర్థమండి. దేనికి భయపడ్డామో తెలుసుకుంటే అక్కడ మాత్రమే వేస్తాం” అనేవారు. దేనికి భయపడాలో తెలుసుకోవడానికే ఆయన సగం కాలం ఖర్చు పెట్టేవారు. మిగిలిన ఇంజనీర్లు పుస్తకం చూసి బరువులు వేసుకునేవారు. ఈయన బస్సెక్కి ఊరు వెళ్ళేవారు. యజమానితో మాట్లాడేవారు కాదు. వాచ్‌మన్‌తో, వంటమనిషితో, బస్తాలు మోసేవాళ్ళతో మాట్లాడేవారు.

పాలకొల్లు దగ్గర ఒక కల్యాణ మండపం విస్తరిస్తుంటే నేనూ వెంట వెళ్ళాను. పాత హాల్లో వంటాయన ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

“ఈ కప్పుకి ఏం కడతారండి?” అని అడిగారు ఈయన.

“ఏం కడతామండీ, ఏమీ లేదు. రెండు ఫ్యాన్లు.”

“పెళ్ళిళ్ళప్పుడో?”

“పెళ్ళిళ్ళకంటే పూలదండలు.”

“అంతేనా?”

“అంతేనండి. ఆ మధ్య ఒకాయన ఉయ్యాల కట్టించాడు. పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ కూచోబెట్టి ఊపారు. మేనమామ గారు నేనూ ఎక్కుతానని ఎక్కాడు. ఆయనొక్కడే ఇద్దరి బరువు ఉంటాడండి.”

ఈయన నోటు పుస్తకం తీసి రాసుకున్నారు. నేను భుజం మీదుగా చూశాను. ‘ఏమీ లేదు: ఉయ్యాల. నలుగురు మనుషులు. ఊగుతూ.’

ఆ పుస్తకం నిండా అలాంటివే. ‘ఏమీ లేదు: ఇరవై బస్తాలు.’ ‘ఏమీ లేదు: మోటారు ఎత్తడానికి గొలుసు.’ మనుషులు చెప్పని బరువు వాళ్ళు చెప్పే బరువు కంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని ఆయన లెక్క. ఇక గాలిని అడగలేం కనుక, కాలవ గట్టు మీద కొబ్బరిచెట్లు ఎటు వంగాయో చూసేవారు. ఏ గాలివానకి ఎవరి రేకులు ఎటు లేచిపోయాయో టీ కొట్టు దగ్గర ముసలివాళ్ళని అడిగేవారు. “అన్ని వైపుల నుంచీ గాలి వస్తుందనుకుంటే అంత ఇనుము మనం కొనలేమండి. రాదనుకుంటే కప్పు నిలబడదు. ఈ రెండింటికీ మధ్య ఎక్కడో గీత గీయాలి. అందుకే మనకి పని దొరుకుతోంది” అనేవారు.

లెక్క వేశాక నమూనా కట్టేవారు. కొబ్బరి ఈనెలు, దారం. చీపుర్ల నుంచి ఏరిన ఈనెలతో జానెడు ట్రస్సులు కట్టి, వాటికి శెట్టిగారి కొట్లోని నట్లు వేలాడదీసేవారు. గదిలోకి వచ్చినవాళ్ళకి బొమ్మలాటలా ఉండేది. ఆ బొమ్మలాటతోనే నాకొక పాఠం చెప్పారు. ఈ కథంతా ఆ పాఠం మీదే నిలబడి ఉంది కాబట్టి వివరంగా రాస్తాను.

ఒక పొడుగాటి ఈనె నా చేతికిచ్చి రెండు కొసలూ పట్టుకుని లాగమన్నారు. లాగాను. ఏమీ కాలేదు.

“ఇప్పుడు రెండు కొసల నుంచీ లోపలికి నెట్టండి.”

నెట్టగానే ఈనె మధ్యలో పక్కకి వంగిపోయింది. ఆయన తన రెండు వేళ్ళతో దాని నడుం దగ్గర మెత్తగా పట్టుకున్నారు.

“మళ్ళీ నెట్టండి.”

ఈసారి వంగలేదు.

“నా వేళ్ళ మీద బరువేమైనా పడుతోందాండీ?”

“లేదండి.”

“అయితే తీసెయ్యనా?”

ఆయన చెప్పదలచుకున్నది ఇదీ. కప్పు బరువు కిందికి నొక్కుతున్నంతసేపూ ట్రస్సు అడుగున ఉండే పొడుగాటి కమ్మీని రెండు వైపులా లాగుతున్నట్టు ఉంటుంది. సన్నగా ఉన్నా ఫరవాలేదు. గాలి కింద నుంచి దూరి కప్పుని పైకి లేపితే వ్యవహారం తిరగబడుతుంది. అదే కమ్మీని రెండు కొసల నుంచీ నెట్టినట్టు అవుతుంది. అప్పుడు అది ఈనెలాగే పక్కకి వంగిపోతుంది. వంగకుండా ట్రస్సుకీ ట్రస్సుకీ మధ్య అడుగున ఆయన కొన్ని సన్న కడ్డీలు వేసేవారు. అవే ఆయన రెండు వేళ్ళు. మామూలు రోజుల్లో వాటికి పనేమీ ఉండదు. వెల్డింగు వాళ్ళు వాటిని సోమరి కడ్డీలనేవాళ్ళు.

ఏ డ్రాయింగు మీదైనా సంతకం పెట్టేముందు ఆయన దాన్ని తలకిందులుగా తిప్పి చూసేవారు. కిందికి నొక్కే బరువు పైకి లేపే బరువైతే ఏమవుతుందో కంటికి కనిపించడానికి ఆయనకు అదే పద్ధతి. ఎవరు గీసిందైనా, ఆఖరికి ఆయన గీసిందైనా, తలకిందులు కాకుండా గది దాటేది కాదు.

నేను చేరిన కొత్తలో ఒక రైసుమిల్లు యజమాని ముందు నా మొట్టమొదటి డ్రాయింగు పెట్టాను. రెండు వారాలు కూచుని గీసింది. సారు తీసుకుని గభాలున తలకిందులు చేశారు.

“ఇప్పుడు చెప్పండి, ముందు ఎవరు పడిపోతారు?” అన్నారు నాతో.

నాకు తెలియలేదు. మిల్లు యజమాని నవ్వి, “మీ అసిస్టెంటు గారే పడిపోయేలా ఉన్నారండి” అన్నాడు. ఈయన కూడా నవ్వారు.

ఆ నవ్వుని నేను రెండేళ్ళు మోశాను. ప్రతి డ్రాయింగుకీ, ఎవరున్నా లేకపోయినా, అదే వరస. చివరికి ఒకరోజు టీ తాగుతుండగా అడిగేశాను.

“మీరు నా కాగితాలు నలుగురిలో తలకిందులు చేస్తుంటే నాకు చిన్నతనంగా ఉందండి. రెండేళ్ళయింది. ఇంకా నమ్మకం కుదరలేదా?”

ఆయన గ్లాసు కింద పెట్టారు. “ఆ మిల్లాయన వచ్చిన రోజు నుంచి ఉందా ఇది?”

“ఉందండి.”

“రెండేళ్ళు ఎందుకు దాచారండీ? ఆ రోజే తిట్టాల్సింది.” మళ్ళీ గ్లాసు అందుకున్నారు. “సరే. మీ డ్రాయింగు ఇక నేను తిప్పను. మాట.”

నేను గెలిచాననుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. దాచిపెట్టి ఇంకొకరిని నిజం చెప్పమని అడిగే హక్కు నాకు లేదు.

ఆ ఏడాదే అరటి గెలల మార్కెట్టు పని వచ్చింది. డెల్టాలో ఒక ఊరు. పేరు అక్కర్లేదు, ఆ ఊరి వాళ్ళకి తెలుసు. నాలుగు వైపులా గోడలు లేని పెద్ద షెడ్డు కావాలి. ఆయన నాలుగుసార్లు వెళ్ళి వచ్చారు. పుస్తకంలో ‘ఏమీ లేదు: వరసకి నలభై గెలలు, ఒకే పక్క’ అని రాసుకున్నారు. గోదారి గట్టు మీద నుంచి గాలి నేరుగా షెడ్డు కిందికి దూరుతుందని కూడా రాసుకున్నారు. అంత తేలికైన కప్పు ఆయన అంతవరకూ గీయలేదు. సోమరి కడ్డీలు మాత్రం ఎప్పటికంటే దగ్గర దగ్గరగా వేశారు. పెన్సిలు డ్రాయింగు చూసుకుని, సరే, ఇంకు వేయండి అని నాకిచ్చి, బంధువుల ఇంట్లో శుభకార్యానికి పెనుగొండ వెళ్ళారు. నాలుగు రోజులు అక్కడ సత్రంలోనే ఉన్నారు.

మూడో రోజు కమిటీ ఇంజనీరు గారు వచ్చారు. చేతిలో పొడుగాటి కాగితాల మడత. ఆ రోజుల్లో కంప్యూటరు లెక్క అంటే అంచుల్లో చిల్లులున్న ఆ మడత కాగితాలే.

“ఈ కడ్డీల పక్కన ఏముందో చదవండి” అన్నారు.

“సున్నా అండి.”

“ఇక్కడ?”

“సున్నానే.”

“సున్నా మోసే కడ్డీకి ఇనుమెందుకండీ? తీసెయ్యండి. కమిటీలో కూడా అనుకున్నాం.”

“సారు రావాలండి.”

“మీ సారుతో నిన్న సత్రానికి ఫోను చేసి మాట్లాడాను. సరేనన్నారు.”

“ఆయనే అన్నారా?”

“మరి నేను అబద్ధమాడతానేంటండి? ఎల్లుండికి ప్రింట్లు కావాలి. మీరు చేయగలరనే మీ దగ్గరికి వచ్చాను.”

ఆ లెక్కలో రేకుల బరువు ఉంది, గెలల బరువు ఉంది, అన్నీ కిందికే. పైకి లేపే గాలి ఎక్కడా లేదు. కంప్యూటరు తప్పు చెప్పలేదు. అడిగినదానికి సరిగ్గానే చెప్పింది. కాగితాన్ని తలకిందులు చేసి అడగలేదు, అంతే. ఆ సంగతి నాకు తెలిసి ఉండాలి. ఈనె పట్టుకుని నెట్టింది నేనే. అయినా, నా దగ్గరికే వచ్చానని ఒక పెద్దమనిషి అనేసరికి నాకు వినసొంపుగా ఉంది. సగం బ్లేడు తీసుకుని ట్రేసింగు మీద ఆ గీతలన్నీ గీకేశాను. నా చేత్తోనే.

మర్నాడు సాయంత్రం ఆయన ప్రసాదం పొట్లంతో వచ్చారు. సంతకాలకి కాగితాల దొంతర ఉంది. నాతోపాటు పనిచేసే రెండో ఆయన గీసినవి ఒక్కొక్కటీ తలకిందులు చేసి చూశారు. నావి వచ్చాయి. తాను ముందే చూసి సరేనన్న డ్రాయింగే, నేను ఇంకు వేసి పెట్టాననుకున్నారు. నా వంక చూసి చిన్నగా నవ్వి, కాగితం ఉన్నది ఉన్నట్టే ఉంచి సంతకం పెట్టారు. కడ్డీల సంగతి ఆయనకి తెలుసు కదా అని నేను ఎత్తలేదు. నన్ను నమ్మారని ఛాతీ ఉప్పొంగింది.

కట్టించే పనంతా కమిటీ వాళ్ళే చూసుకున్నారు, మమ్మల్ని పిలవలేదు. షెడ్డు రెండో వేసవి దాకా బాగానే నిలబడింది. గెలలు వేలాడాయి, కప్పు మోసింది. మే నెలలో ఒక మధ్యాహ్నం, బేరాలు అయిపోయాక, వానకి ముందు ఈదురుగాలి వచ్చింది. తుఫాను కూడా కాదు. షెడ్డు ఒక పక్క నుంచి పైకి లేచి కుంగిపోయింది. గెలలు దించే కూలీ ఒకతనికి కాలు విరిగింది. మిగిలినవాళ్ళు అన్నాలకి వెళ్ళి ఉన్నారు.

మేం వెళ్ళేసరికి జనం మూగి ఉన్నారు. ఒక్క వెల్డింగూ ఊడలేదు. అడుగు కమ్మీలన్నీ ఒకే వైపుకి ఈనెల్లా వంగి ఉన్నాయి. ఆయన వాటి కింద నడుచుకుంటూ చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చారు. సోమరి కడ్డీలు ఉండాల్సిన చోట తల ఎత్తి చూశారు.

“వేయలేదేమండీ?” అన్నారు నాతో, మెల్లగా.

“మీరు ఫోన్లో సరేనన్నారని ఇంజనీరు గారు చెప్పారండి. నేనే గీకేశాను.”

ఆయన చెవి మీద పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నారు.

“ఆయన మీకు ఫోను చేశారాండీ?”

“సంతకం నాదండి” అన్నారు.

అంతకంటే ఒక్క మాట ఆ రోజూ చెప్పలేదు, తరువాతా చెప్పలేదు. విచారణలో కూడా అదే మాట అని కూచున్నారట. నన్ను పిలవలేదు. గీకిన ట్రేసింగు చుట్ట పట్టుకుని విచారణ జరిగే ఆఫీసు వరండాలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే గీకిన ప్రతి చోటా కాగితం పలచబడి కనిపిస్తుంది. అటెండరు రెండుసార్లు వచ్చి, “మీకు లోపల పేరు లేదండి” అన్నాడు. మూడోసారి వరండాలో ఉన్న ఒక్క కుర్చీ కూడా తీసుకుపోయాడు. రిపోర్టులో ఒక్క వాక్యం రాశారు, ‘నిర్మాణం మితిమీరి తేలికగా ఉండుటయే కారణము’ అని. ఆ వాక్యం పక్కనే ఆయన పేరు. కంప్యూటరు కాగితాల ప్రస్తావన లేదు. గీకిన గీతల ప్రస్తావన లేదు.

కాలు విరిగిన మనిషి దగ్గరికి కట్టు విప్పేదాకా ఆయన వారం వారం వెళ్ళారు. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తీసుకెళ్ళి పక్కన కూచునేవారు. ఒకసారి నేనూ వెళ్ళాను. ఆ మనిషి నాతో, “ఈయన వచ్చి ఏం మాట్లాడరండి. మా పాక వాసాలు చూస్తారు. మొన్న ఒక వాసానికి అడ్డకర్ర కట్టించి వెళ్ళారు” అన్నాడు.

క్రమంగా పనులు తగ్గాయి. మిల్లుల వాళ్ళు బరువైన కప్పులు వేయించుకోవడం మొదలుపెట్టారు. శెట్టిగారు ఒకరోజు మెట్లెక్కి వచ్చి, ఎప్పుడూ కూచునే చోట కూచోకుండా గుమ్మంలోనే నిలబడ్డారు.

“ఇనుము బాగా పోతోందండి. కానీ కొట్లో కూచుంటే పైన మీ ఇద్దరి మాటా వినపడ్డం లేదు. బాగాలేదు” అన్నారు.

ఆ తరువాత నేనొక గోడౌను డ్రాయింగు గీసి ఆయన ముందు పెట్టి, “తిప్పి చూడండి” అన్నాను. ఆయన తిప్పలేదు. “మాటిచ్చానండి” అన్నారు. బతిమాలాను. కోప్పడ్డాను. కాగితం మీద చెయ్యి ఆనించి అలాగే కూచున్నారు. ఆఖరికి, “మీరు తిప్పండి. నేను ఇటు నుంచి చూస్తాను” అన్నారు. అది నన్ను క్షమించడమో, నాకు వేసిన శిక్షో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచీ నా కాగితాలు నేనే తిప్పుకుంటున్నాను.

ఆ తరువాత వచ్చిన పెద్ద గాలివాన వెలిశాక ఆయన షెడ్లున్న ఊళ్ళన్నీ బస్సుల మీద తిరిగి చూశాను. కొన్ని చోట్ల రేకులు ఎగిరిపోయాయి. ట్రస్సు ఒక్కటి వంగలేదు. మితిమీరి తేలికైన ట్రస్సులే అవన్నీ. సోమరి కడ్డీలు ఎక్కడివక్కడ ఉన్నాయి. ఈ సంగతి ఊరి పేర్లతో సహా అయిదో ఉత్తరంలో రాశాను. పెనుగొండ సత్రానికి కూడా వెళ్ళాను. గుమాస్తా రిజిస్టరు తీసి, ఆయన ఆ నాలుగు రోజులూ అక్కడే ఉన్నట్టు చూపించాడు. “ఫోను ఉందండి. కానీ ఎవరికి ఎవరు చేశారో ఎవరు రాసుకుంటారండీ?” అన్నాడు. న్యాయమే. రాసుకోరు. కాబట్టి ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకాయన కిందటి నెల పోయారు.

మిగిలింది మీరు, ఇంజనీరు గారూ. రిటైరయ్యారని విన్నాను. ఆరోగ్యంగా ఉన్నారనీ విన్నాను. సంతోషం. గీకిన చెయ్యి నాదని పదకొండు ఉత్తరాల్లోనూ మొదటి వాక్యమే అది రాశాను. నన్ను ఏం చేసినా అభ్యంతరం లేదు. ట్రేసింగు నా దగ్గరే ఉంది, ఎవరు అడిగినా వెలుతురుకి పెట్టి చూపిస్తాను. ఆయన మాత్రం ఆ కడ్డీలు తీయడానికి సరేనని ఉండరు. నాకు ఆయన తెలుసు. మేనమామ గారి బరువు కూడా రాసుకున్న మనిషి, గాలిని మరిచిపోడు.

నేను అడిగేది ఒకటే. ఆ రోజు పెనుగొండ సత్రానికి మీరు ఫోను చేశారా? చేసి ఉంటే ఆయన అన్న మాటలు ఆయన అన్నట్టే రాయండి. చేయకపోతే చేయలేదని రాయండి. కార్డు ముక్క చాలు, సంతకం ఉంటే చాలు. ఆయన తన సంతకం తనదే అన్నారు. మీరు మీ మాట మీదేనని ఎప్పుడంటారండీ?